లేబుల్స్ ఆపేశాక ట్యాంకులు ఎక్కడికి పోయాయి?

యుద్ధ విమాన సిమ్యులేటర్ ఆటలో ఫ్రెండ్ ఒకడు తయారుచేసిచ్చిన మిషన్ అది. బ్రీఫింగ్‌లో ఆరు ట్యాంకులన్నాడు. మ్యాప్ మీద ఎర్రగా ఒక గుండ్రం కూడా గీసిచ్చాడు. జార్జియాలోని సెనాకి ఎయిర్‌బేస్ నుంచి సుఖోయ్-25 లేపి, తూర్పుగా కుతాయిసి వైపు వెళ్లి, కాసేపట్లోనే ఆ గుండ్రం మీదికి చేరాను. కింద చేలున్నాయి, చేల గట్ల మీద చెట్ల వరసలున్నాయి, పల్లెల పైకప్పులున్నాయి, దూరంగా రియోని నది మెరుస్తోంది. ట్యాంకు మాత్రం ఒక్కటి కనబడితే ఒట్టు. ఇంకో చుట్టు తిరిగాను. కాస్త కిందికి దిగి మరో చుట్టు. నాలుగో చుట్టులో ఎడమ రెక్క ఊడిపోయింది. కొట్టిందెవరో కూడా తెలీదు. తర్వాత రీప్లే పెట్టి, లేబుల్స్ ఆన్ చేసి చూస్తే, నేను తిరిగిన చుట్టుకి సరిగ్గా మధ్యలో, రోడ్డు పక్క చెట్ల కింద ఆరుకి ఆరూ బుద్ధిగా వరసలో ఉన్నాయి. వాటి పక్కనే విమానాల్ని కొట్టే షిల్కా బండి ఒకటి.

ఈ ఆటలు ఆడనివాళ్లకి ఒక్క ముక్క చెప్పాలి. డీసీఎస్ వరల్డ్, ఐఎల్-2, ఫాల్కన్ బీఎంఎస్ లాంటి యుద్ధ విమాన సిమ్యులేటర్లలో శత్రువు బండి మీద పేరూ దూరమూ రాసి చూపించే సదుపాయం ఉంటుంది. వాటినే లేబుల్స్ అనో ఐకాన్లు అనో అంటారు. అవి ఆన్‌లో ఉంటే ఆకాశంలోంచి నేల మీద సంతలో బోర్డులు చదివినట్టు ఉంటుంది. ఆఫ్ చేస్తే ఆట మొత్తం మారిపోతుంది. సీరియస్‌గా నడిచే ఆన్‌లైన్ సర్వర్లు చాలావాటిలో అవి ఉండవు. అక్కడికి కొత్తగా వెళ్లినవాడు వారం తిరక్కుండానే రెండు మాటల్లో ఒకటి అంటాడు: 'గ్రాఫిక్స్ బాగోలేవు' లేదా 'నా కళ్లు బాగోలేవు'. మొదటిదాంట్లో సగం నిజముంది. రెండోది చాలావరకు అబద్ధం. అసలు లోపం మనం వెతికే వస్తువులోనే ఉంది. ట్యాంకుని వెతుకుతాం. వెతకాల్సింది ట్యాంకు ఉండదగ్గ చోటుని.

అయితే గ్రాఫిక్స్ సంగతి తేల్చకుండా అక్కడికి వెళ్తే అన్యాయం అవుతుంది.

మానిటర్‌కి సైటుంది

కంటి డాక్టరు దగ్గర అక్షరాల బోర్డు చదివించి 6/6 అని రాస్తారు కదా, ఆ చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం ఉన్న వివరాన్ని విడిగా పట్టుకోగలదు. 7 మీటర్ల పొడవున్న ట్యాంకు 3 కిలోమీటర్ల దూరంలో అడ్డంగా నిలబడితే, ఆ కొలతతో అది 8 వంతులు వస్తుంది. అంటే మామూలు కంటికి 8 చుక్కలంత వివరం.

ఇప్పుడు అదే ట్యాంకుని మానిటర్ మీద చూద్దాం. అడ్డంగా 1920 పిక్సెళ్లున్న మామూలు ఫుల్ హెచ్‌డీ తెర. కాక్‌పిట్‌లో నుంచి చుట్టూ కాస్త కనబడాలి కాబట్టి చూపు వెడల్పు 90 డిగ్రీలు పెట్టుకున్నామనుకోండి. లెక్క వేస్తే తెర మధ్యలో ఆ ట్యాంకుకి దక్కేది 2 పిక్సెళ్లు, చిల్లర. కన్ను 8 చుక్కలు చూడగలిగిన చోట మానిటర్ రెండిచ్చి చేతులు దులుపుకుంది. డాక్టరు భాషలో చెప్పాలంటే ఈ తెర చూపు దాదాపు 6/21. మంచి చూపున్నవాడు 21 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని మనం 6 మీటర్లకి వస్తే గానీ చదవలేం. అంత సైటున్నవాణ్ణి కళ్లజోడు లేకుండా యుద్ధ విమానం దగ్గరికే రానివ్వరు. మనం మాత్రం రోజూ అలాగే ఎగురుతున్నాం.

మరి కళ్లజోడు ఏది? జూమ్. చూపు వెడల్పుని 90 నుంచి 30 డిగ్రీలకి కుదిస్తే, అదే తెర మీద అదే ట్యాంకు 8 పిక్సెళ్లు దాటుతుంది. అంటే సరిగ్గా 6/6 దగ్గరికి వచ్చాం. ఈ లెక్క తెలియక ముందు నేను కూడా జూమ్‌ని దొంగాట కింద జమ కట్టేవాణ్ణి. నిజం పైలట్‌కి బైనాక్యులర్ కళ్లుండవు కదా అని వాదించేవాణ్ణి. ఫుల్ హెచ్‌డీలో 30 డిగ్రీల జూమ్ బైనాక్యులర్ కాదు, మానిటర్ లాక్కున్న చూపుని తిరిగి ఇవ్వడం. దాన్ని దాటి ఇంకా లోపలికి వెళ్తే అప్పుడు వాదించుకుందాం. ఆ మాటకొస్తే ఏ-10 దాడి విమానాలు నడిపిన అమెరికన్ పైలట్లు కాక్‌పిట్‌లోకి నిజంగానే బైనాక్యులర్లు పట్టుకెళ్లేవాళ్లు.

ఎన్ని పిక్సెళ్లుంటే 'కనబడింది' అనొచ్చు? దీనికి 1958లోనే జాన్ జాన్సన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక కొలత ఇచ్చాడు. సైన్యం రాత్రిచూపు పరికరాల కోసం చేసిన పని అది. ఇప్పటి పిక్సెళ్ల భాషలోకి మారిస్తే ఇలా ఉంటుంది: వస్తువు సన్నటి వైపున 2 పిక్సెళ్లు పడితే 'అక్కడేదో ఉంది' అనగలం. 8 పడితే 'అది ట్యాంకు, లారీ కాదు' అనగలం. 13 దాకా పడితే 'ఇది ఫలానా ట్యాంకు, టీ-72' అనగలం. అదైనా సగం సార్లు మాత్రమే. మిగతా సగం తప్పుతాం.

ట్యాంకు ఎత్తు సుమారు 2.4 మీటర్లు. దాన్నే సన్నటి వైపు అనుకుంటే, 90 డిగ్రీల చూపులో 'ఏదో ఉంది' అనడానికే 1,150 మీటర్ల దగ్గరికి రావాలి. గంటకి 540 కిలోమీటర్ల వేగంతో పోయే సుఖోయ్ సెకనుకి 150 మీటర్లు మింగుతుంది. ఆ చుక్కని చూసి, అది ట్యాంకని తేల్చుకుని, ముక్కు అటు తిప్పి, గురి పెట్టి, మీట నొక్కడానికి ఎనిమిది సెకన్లు కూడా లేవు. 30 డిగ్రీల జూమ్‌లో అయితే 4,300 మీటర్ల నుంచే 'ఏదో ఉంది' అనొచ్చు. దాదాపు అర నిమిషం చేతిలో ఉంటుంది. నా నాలుగు చుట్లూ ఎందుకు దండగయ్యాయో ఇక్కడే తెలిసిపోతోంది. నాలుగు చుట్లూ వెడల్పు చూపులోనే తిరిగాను.

మిగతా గ్రాఫిక్స్ గొడవలు త్వరగా కానిచ్చేద్దాం. అంచుల గరుకుని నున్న చేసే యాంటీ అలియాసింగ్, పాత ఫ్రేముల్ని కలిపి కొత్త బొమ్మ అల్లే డీఎల్‌ఎస్‌ఎస్ లాంటివి పెద్ద వస్తువులకి అందం ఇస్తాయి, రెండు పిక్సెళ్ల ట్యాంకుని మాత్రం పక్కనున్న పచ్చిక రంగులో కలిపేస్తాయి. 4కే మానిటర్ కొంటే సమస్య తీరిపోతుందనుకోవడమూ పొరపాటే. అడ్డంగా పిక్సెళ్లు రెట్టింపవుతాయి నిజమే, కానీ 27 అంగుళాల తెర మీద ఒక్కో పిక్సెల్ కంటి హద్దుకి వచ్చేంత చిన్నదైపోతుంది. దూరంగా ఉన్న బండిని ఒకే ఒక్క పిక్సెల్‌గా చూపించే ఆటల్లో ఖరీదైన తెరవాడి కంటే పాత తెరవాడికి చుక్క పెద్దగా కనబడేది. డీసీఎస్‌లో ఈ విషయం మీద ఏళ్ల తరబడి జనం తల బాదుకున్నారు. 2023లో వచ్చిన 2.9 వెర్షన్‌లో ఆ చుక్కల పద్ధతినే మార్చాల్సి వచ్చింది. కళ్లకి వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే లోతు తెలుస్తుంది, తల తిప్పడం హాయిగా ఉంటుంది. చూపు మాత్రం ఇంకా వెనకే. క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌లో డిగ్రీకి సుమారు 25 పిక్సెళ్లు, మంచి కన్ను కోరేది 60. ఇక మా గదిలో మధ్యాహ్నం కర్టెన్ వెయ్యకపోతే తెర మీద ట్యాంకుకి బదులు నా బనీను కనబడుతుంది. అది ఏ సెట్టింగూ మార్చలేదు.

గోరంత చూపు

కంటికీ ఒక బలహీనత ఉంది. మనకి ఎదురుగా ఉన్నదంతా స్పష్టంగా కనబడుతున్నట్టు అనిపిస్తుంది గానీ, అది మెదడు అల్లే కథ. స్పష్టమైన చూపు మధ్యలో రెండు డిగ్రీల మేర మాత్రమే. చెయ్యి బారచాపి బొటనవేలి గోరు చూడండి, దాదాపు అంతే. మిగతాదంతా మసక. ఆ మసక భాగం కదలికని మాత్రం బాగా పసిగడుతుంది. గడ్డిలో పాము కదిలితే ముందు ఒళ్లు జలదరిస్తుంది, తర్వాతే పామని తెలుస్తుంది చూడండి, అది ఆ పక్కచూపు పనే.

దీన్నుంచి రెండు విషయాలు తేలతాయి. కన్ను జర్రున జారుతూ పోతున్నంతసేపూ ఏమీ పట్టుకోదు, ఆగినప్పుడే పట్టుకుంటుంది. కాబట్టి నేలని ఊడ్చినట్టు చూడకూడదు. ఒక చెట్ల వరస, ఆగు. ఒక రోడ్డు మలుపు, ఆగు. ఒక ఊరి చివర, ఆగు. ఒక్కోచోట సెకను నిలబడితే చాలు. రెండోది, కదలని ట్యాంకుని పక్కచూపు పట్టదు. ఆ గోరంత చూపు సరిగ్గా దాని మీద వాలితేనే కనబడుతుంది. కింద వంద చదరపు కిలోమీటర్ల నేల ఉంది, చేతిలో గోరంత చూపు ఉంది. ఎక్కడ వాల్చాలో ముందే తెలియకపోతే రోజంతా తిరిగినా పని జరగదు.

లోంగేవాలాలో కనబడ్డాయి, కొసావోలో కనబడలేదు

1971 డిసెంబరు 5 తెల్లవారుజామున జైసల్మేర్ నుంచి లేచిన మన హంటర్ విమానాల పైలట్ల చేతిలో ఏ సెన్సరూ లేదు. హంటర్‌కి రాత్రిపూట చూసే సదుపాయం లేదు కాబట్టే, పాకిస్తాన్ ట్యాంకులు లోంగేవాలా పోస్టుని రాత్రంతా చుట్టుముట్టి ఉన్నా వెలుగు వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. వెలుగొచ్చాక మాత్రం కళ్లే చాలాయి. ఎడారిలో దాక్కోవడానికి చెట్టు లేదు. ప్రతి ట్యాంకూ తన వెనక ఇసుక మీద జంట గీతలు గీసుకుంటూ పోయింది. విమానాల్ని తప్పించుకోవాలని అవి గింగిరాలు తిరిగితే గీతలూ గింగిరాలు తిరిగాయి. ఆ రోజు గాల్లోంచి తీసిన ఫోటో ఒకటి చాలామంది చూసే ఉంటారు, ఇసుక మీద పిచ్చిపట్టినట్టు తిరిగిన చక్రాల జాడలతో. దాన్ని చూడగానే కంట్లో పడేది ట్యాంకు కాదు, జాడ. పైగా పైన కృషక్ అనే చిన్న విమానంలో మేజర్ ఆత్మాసింగ్ నెమ్మదిగా తిరుగుతూ హంటర్లకి దారి చూపించాడు.

ఇప్పుడు 1999 కొసావో. నాటో విమానాలు 78 రోజులు బాంబులు వేశాయి. భుజం మీంచి పేల్చే మిసైళ్ల భయంతో చాలాకాలం 15,000 అడుగుల పైనే ఉన్నాయి. వాళ్ల దగ్గర లోకంలో ఉన్న సెన్సర్లన్నీ ఉన్నాయి. కింద సెర్బు సైన్యం ట్యాంకుల్ని చెట్ల కిందా ఇళ్ల పక్కనా దాచి, బయట బొమ్మ ఫిరంగులు నిలబెట్టింది. యుద్ధం అయ్యాక నిజంగా ఎన్ని ట్యాంకులు పోయాయన్న లెక్క మీద పెద్ద రభసే జరిగింది.

రెండింటి మధ్య తేడా పైలట్ల కళ్లలో లేదు, నేలలో ఉంది. అదే ఏడాది మే 26న కార్గిల్‌లో మన వైమానిక దళం మొదలుపెట్టిన సఫేద్ సాగర్ ఆపరేషన్ చూడండి, అక్కడి కష్టం మరోలా ఉంది. 16 వేల అడుగులు దాటిన శిఖరాల మీద రాళ్లూ మంచూ కలిసిన చోట చిన్న చిన్న గుడారాలు, బంకర్లు. దాచే చెట్టు లేకపోయినా, రాయికీ బంకర్‌కీ పైనుంచి తేడా లేదు. మిరాజ్ 2000 విమానాలకి లక్ష్యాన్ని పట్టి చూపించే లైటెనింగ్ పాడ్ బిగించి లేజర్ బాంబులు వాడేదాకా గురి పూర్తిగా కుదరలేదు.

సిమ్యులేటర్‌లో ఎగిరేముందు నేను ఇప్పుడు వేసుకునే ప్రశ్న ఇదే: ఈ నేల లోంగేవాలా రకమా, కొసావో రకమా? పర్షియన్ గల్ఫ్ మ్యాప్‌లోని ఇసుకలో అయితే రోడ్డు వదిలిన ముదురు రంగు ముక్క దేన్నయినా అనుమానించొచ్చు. కాకసస్ మ్యాప్‌లో జార్జియా చేల మధ్య అలా కుదరదు. అక్కడ ప్రతి గట్టు మీదా చెట్లే. స్టాలిన్‌గ్రాడ్ మంచులో అయితే తెల్లరంగు పూసిన బండి కంటే దాని నీడ ముందు కనబడుతుంది.

ఎత్తు, ఎండ, ముక్కు

కొత్తవాళ్లు అందరూ చేసే పని, నేనూ చేసిన పని: కనబడకపోతే ఇంకా కిందికి దిగడం. దగ్గరికెళ్తే పెద్దగా కనబడుతుందన్నది ఇంగితం. చెట్లున్న చోట ఇంగితం తిరగబడుతుంది. మీరు నేలకి 100 మీటర్ల ఎత్తున ఎగురుతుంటే, కిలోమీటరు దూరంలో ఉన్న 10 మీటర్ల చెట్టు తన వెనక 100 మీటర్లకి పైగా నేలని మీకు కనబడకుండా మూసేస్తుంది. అదే చెట్టు, అదే దూరం, మీరు 1,000 మీటర్ల ఎత్తున ఉంటే మూసేది 10 మీటర్లే. కిందికి దిగితే వేగం కూడా ఎక్కువనిపిస్తుంది, నేల పరుగెడుతుంది, కన్ను ఆగడానికి చోటే ఉండదు. నాకు అచ్చొచ్చిన ఎత్తు నేల నుంచి 1,500 మీటర్ల చుట్టుపక్కల. మీ విమానాన్ని బట్టి, కింద ఉన్న తుపాకుల్ని బట్టి మార్చుకోండి.

ఎండ విషయానికి వస్తే, వైమానిక ఫోటోలు చదివేవాళ్లు ఎప్పటినుంచో నీడనే ముందు చూస్తారు. సూర్యుడు 60 డిగ్రీల ఎత్తున ఉంటే మన 2.4 మీటర్ల ట్యాంకు నీడ మీటరున్నర కూడా రాదు. 15 డిగ్రీలకి దిగితే 9 మీటర్లు. ట్యాంకు కంటే దాని నీడే పెద్దది. అందుకే మిషన్ సమయం ఎంచుకునే వీలుంటే నేను సాయంత్రం తీసుకుంటాను. అయితే సూర్యుణ్ణి సరిగ్గా వీపు వెనక పెట్టుకుని చూస్తే నీడ ట్యాంకు వెనక దాక్కుంటుంది, ఎదురుగా పెట్టుకుంటే తెర అంతా మెరుపు. ఎండ పక్క నుంచి పడేలా వెళ్లడం మేలు. ఇంకో సంగతి, ఫ్రేములు పెంచుకోవడానికి షాడోస్ తగ్గించినవాళ్లు ఈ ఆధారాన్ని చేతులారా పోగొట్టుకున్నట్టే. పూర్తిగా పెట్టినా కొంత దూరం దాటాక ఆటలు నీడలు గియ్యవు, అది వేరే సంగతి.

ముక్కు అంటే విమానం ముక్కు. వెతుకుతున్న చోటు మీదికి సూటిగా వెళ్తే సరిగ్గా చూడాల్సిన సమయంలో అది ముక్కు కిందికి పోతుంది. రెండో ప్రపంచ యుద్ధపు విమానాల్లో ముందు అంత పొడుగు ఇంజను ఉండటంతో ఇది మరీ అన్యాయం. జర్మన్ స్టూకా డైవ్ బాంబర్‌లో పైలట్ కాళ్ల మధ్య నేలకి అద్దం బిగించింది అందుకే, లక్ష్యం ఎప్పుడు కిందికి వస్తుందో చూసుకుని డైవ్ మొదలుపెట్టేవాడు. ఆ అద్దం లేని మనం చోటుని పక్కన పెట్టుకోవాలి. రెండు మూడు కిలోమీటర్లు పక్కగా వెళ్లి, రెక్క కాస్త వంచి, ఆ చోటుని రెక్క కొస ముందు ఉంచుకుని చుట్టూ తిరగాలి. 1,500 మీటర్ల ఎత్తున, 3 కిలోమీటర్లు పక్కన ఉంటే అసలు దూరం 3.3 కిలోమీటర్ల పైమాటే. జూమ్‌లో 'ఏదో ఉంది' అనగలిగే దూరం, షిల్కా 2.5 కిలోమీటర్ల తూటాకి అందని దూరం. భుజం మీంచి కొట్టే ఇగ్లా మిసైల్‌కి మాత్రం అందుతాం, కాబట్టి మిసైల్‌ని దారి మళ్లించే ఫ్లేర్ల మీట మీద వేలు తియ్యకండి.

నది నుంచి చెట్టు దాకా

మళ్లీ నా ఆరు ట్యాంకుల దగ్గరికి వద్దాం. వారం తర్వాత అదే ఫ్రెండ్ చోటు మార్చి మిషన్ ఇచ్చాడు. లేబుల్స్ లేవు, సుఖోయ్-25 మామూలు మోడల్, టీవీ కెమెరా కూడా లేదు. ఈసారి విమానం ఎక్కకముందే పావుగంట మ్యాప్ ముందు కూర్చున్నాను.

గుండ్రంలో ఏముంది? నది మీద ఒక వంతెన. వంతెన దాటాక రోడ్డు ఉత్తరానికి తిరిగే మలుపు. మలుపు దాటాక రోడ్డుకి అడ్డంగా మూడు చెట్ల వరసలు. చివర ఒక పల్లె. నేను ట్యాంకు దళాన్ని నడిపేవాణ్ణయితే ఎక్కడ ఆపుతాను? వంతెన మీద ఆపను, చేల మధ్య ఆపను. వంతెనని తుపాకీ అందేలా చూడగలిగే మొదటి చెట్ల వరస కిందా, కాదంటే పల్లె చివరా ఆపుతాను. వంద చదరపు కిలోమీటర్లు రెండు ముక్కలకి దిగింది. గోరంత చూపుకి ఇది సరిపోయే పని.

తర్వాత దారి. వంతెనకి సరిగ్గా 18 కిలోమీటర్ల ముందు, పైనుంచి పొరపాటుపడే వీల్లేని గుర్తు ఒకటి కావాలి. రైలు పట్టా నదిని దాటే చోటు దొరికింది. గంటకి 540 కిలోమీటర్లంటే నిమిషానికి 9 కిలోమీటర్లు. పట్టా దాటగానే స్టాప్‌వాచ్ నొక్కితే రెండు నిమిషాలకి వంతెన రావాలి. రాకపోతే నేను దారి తప్పాను, ట్యాంకులు దాక్కున్నాయని కాదు. ఈ చిన్న గడియారం ఇచ్చే ధైర్యం అంతా ఇంతా కాదు. లేబుల్స్ లేని ఆటలో సగం టెన్షన్ 'అసలు సరైన చోటే ఉన్నానా' అన్నదే.

పట్టా దాటాను. వెడల్పు చూపు, నది ఎడమన ఉంది. ఒక నిమిషం. నిమిషం యాభై. ఎదురుగా కాస్త కుడిగా వంతెన. వంతెన నుంచి కన్ను రోడ్డు మీద ఎక్కింది, మలుపు దగ్గర ఆగింది, మొదటి చెట్ల వరస దగ్గర ఆగింది. అప్పుడు గానీ జూమ్ నొక్కలేదు. ఈ వరస తిప్పకూడదు. ముందే జూమ్ చేసి వెతికితే గొట్టంలోంచి ఊరు చూసినట్టు ఉంటుంది, ఏది ఎక్కడుందో తెలీదు. చెట్ల కొమ్మల అంచు రంపం పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంది, ఎక్కడా ఒకలా లేదు. ఒకచోట మాత్రం ఆ అంచు నలుచదరంగా తెగింది. దానికి కుడిపక్క అంతే దూరంలో ఇంకో తెగుడు. ఇంకోటి. చెట్లకి సమానంగా ఎడం పాటించే అలవాటు లేదు, సైన్యానికి ఉంది. లేబుల్స్ లేకుండా నాకు కనబడ్డ మొదటి ట్యాంకు అలా ట్యాంకులా కాక, చెట్ల అంచులో లెక్కతప్పని విరామంలా కనబడింది.

మిగతా ఆనవాళ్లు కూడా ఈ రకానివే. మట్టిరోడ్డు మీద దుమ్ము లేస్తోందంటే దాని ముందు బండి ఉంది, బండి ఎంత చిన్నదైనా దుమ్ముతోక కిలోమీటర్ల దూరానికి చెబుతుంది. రోడ్డు మీద ఒకే ఎడంలో చుక్కలుంటే అది కాన్వాయ్. మీ మీదికి మెరుస్తూ వచ్చే ట్రేసర్ తూటాల చార మొదలు ఎక్కడుందో చూసుకుంటే, మిమ్మల్ని చంపాలనుకున్నవాడే తన చిరునామా ఇచ్చినట్టు. ప్రాణం మీదికి వస్తే ఇది గుర్తుండదు, తప్పించుకోవడమే గుర్తుంటుంది, అందుకే రెక్క పోయిన రోజు నేను చూడలేకపోయాను. అన్నిటికంటే గొప్ప గుర్తు మీరే పెట్టేది. మొదటి రాకెట్లతో ఒక బండి అంటుకుంటే లేచే నల్లటి పొగ ఆ తర్వాత వచ్చే ప్రతి చుట్టుకీ స్తంభం లాంటిది, మిగతావాటిని 'పొగకి ఇంత దూరం, ఇటు వైపు' అని కొలుచుకోవచ్చు. వియత్నాంలో అమెరికన్లు ఇదే పద్ధతిని ఉద్యోగంగా మార్చారు. బర్డ్ డాగ్ అనే నెమ్మది విమానంలో తిరిగే పైలట్ అడవిలో లక్ష్యం పక్కన తెల్లపొగ రాకెట్ కొట్టేవాడు, వేగంగా వచ్చే జెట్లు ఆ పొగని చూసి బాంబు వేసేవి. మల్టీప్లేయర్‌లో తోడు ఉన్నప్పుడు ఇది ఇప్పటికీ దివ్యంగా పనిచేస్తుంది.

మోసాలూ ఉంటాయి. 1942లో ఎల్ అలమైన్ ముందు బ్రిటిష్ వాళ్లు ట్యాంకుల మీద లారీ ఆకారంలో గుడారాలు కప్పి, ఇంకోచోట ఉత్తుత్తి ట్యాంకులు నిలబెట్టారు. పైనుంచి చూసినవాడికి రెండూ నిజమే అనిపించాయి. మిషన్లు తయారుచేసే మన ఫ్రెండ్స్ ఆ స్థాయికి రాలేదు గానీ, కాలిపోయిన బండ్లని అక్కడక్కడా పెట్టి సతాయిస్తారు.

టీవీ కెమెరా ఉన్న సుఖోయ్-25టీ ఎక్కితే ఇదంతా అక్కర్లేదా అంటే, ఆ ష్క్వాల్ కెమెరా 23 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది నిజమే. కానీ అది చూపించేది డిగ్రీ కంటే తక్కువ వెడల్పు. గోరు కంటే చిన్న కిటికీ. దాన్ని ఎటు తిప్పాలో చెప్పాల్సింది మళ్లీ ఆ మ్యాప్ ముందు పావుగంటే.

ఆ రోజు సంగతి ముగించేస్తాను. మొదటి చెట్ల వరస కింద నాలుగు దొరికాయి. ఐదోది పల్లె చివర, ఇంటి నీడలో. ఆరోది ఎంతకీ దొరకలేదు. ప్రతి చుట్టుకీ దారి తప్పకుండా ఉండటానికి నేను పల్లె దగ్గర ఒక గుర్తు పెట్టుకున్నాను, రోడ్డు పక్క ముదురు రంగు రేకుల షెడ్డు. దాన్ని చూసుకుంటూ ఎడమకి తిరగడం, చెట్ల వరస మీదికి రావడం, మళ్లీ దాన్ని చూసుకుని తిరగడం. ఇంధనం అయిపోయి వెనక్కి వచ్చాక రీప్లేలో లేబుల్స్ ఆన్ చేశాను. ఆ షెడ్డు మీద టీ-72 అని రాసి ఉంది.